ఆబ్కారి రాబడియు గ్రామ చావడి భారమును

మద్యమును గూర్చిన చర్చ ఆంధ్రదేశమున చిరకాలముగ రెండు త్రోవలనే నడచుచున్నది. ఒకటి ధర్మశాస్త్రపు త్రోవ: పానము పాతకమా, కాదా? రెండవది కోశాగారపు త్రోవ: పానము వలన ప్రభుత్వమునకు చేరు రాబడి యెంత? ఈ రెండు ప్రశ్నల నడుమ మూడవది యొకటి కలదు. దాని నడిగినవారు తక్కువ. త్రాగి వీధిలో పడినవానిని లేపువాడెవడు? మత్తులో కొట్టుకొన్నవారిని విడదీయువాడెవడు? నడిరేయి వారి గాయములకు కట్టు కట్టువాడెవడు? మరునాడు వాంగ్మూలము వ్రాసికొనువాడెవడు? చావడిలో తలారి, ఠాణాలో జవాను, ఆసుపత్రిలో వైద్యుడు, బడిలో ఉపాధ్యాయుడు మున్నగువారు రాజ్యముయొక్క మొదటి వరుసలో నిలిచి ప్రజలకు ఎదురుపడు ఉద్యోగులు. ఆ పని యంతయు వీరి మీదనే పడుచు వచ్చినది.

మద్యము వలని లాభము కోశపు లెక్కలో ఒకచోట చేరును. దాని నష్టము పదిచోట్ల చెదరి, ఏ లెక్కలోను పూర్తిగ చేరక, ఈ చిన్న ఉద్యోగుల ఒడలి కష్టముగ మిగులును. మద్యమును అమ్మించిన శాసనములును, మాన్పించిన శాసనములును తమ భారమును వీరి భుజముల మీదనే మోపినవి. ఏ శాసనమైనను వీరు మోయగలిగినంత కాలమే నిలిచినది. ఈ విషయమును స్పష్టపరచు కొన్ని ఘట్టములు, అర్థశాస్త్రము మొదలుకొని ఇటీవలి సంవత్సరముల వరకు, ఇందు పరిశీలింపబడుచున్నవి.

అర్థశాస్త్ర విధానము

కౌటిల్యుని అర్థశాస్త్రమును మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున ఆర్. శామశాస్త్రి గుర్తించి 1909లో ప్రకటించిన పిమ్మట, ప్రాచీన రాజ్యతంత్రమును గూర్చిన అభిప్రాయములు పెక్కు మారినవి. అందు రెండవ అధికరణమున 25వ అధ్యాయము సురాధ్యక్షునిది. దుర్గమునందును, జనపదమునందును, స్కంధావారమునందును సురాకిణ్వ వ్యవహారమును నడపించుట ఈ అధ్యక్షుని విధి. వ్యవహారము ఒకచోట నుండవచ్చును, పెక్కుచోట్ల నుండవచ్చును. నియమించిన స్థానము తప్పి చేసినవారికి 600 పణముల దండము. మేదకము, ప్రసన్న, ఆసవము, అరిష్టము, మైరేయము, మధువు అను భేదములును వాని పాకవిధానమును అచ్చట వివరింపబడినవి. ఇంతవరకు చూచినవారికి ఇది కేవలము రాబడికై యేర్పడిన శాఖ యని తోచును.

కాని ఆ అధ్యాయమున నియంత్రణకు చెప్పిన కారణములు గమనింపదగినవి. సురను గ్రామము నుండి వెలికి పోనీయరాదనియు, దుకాణములు ఒకదాని ప్రక్కన ఒకటి చేరరాదనియు విధించి, కౌటిల్యుడు అందులకు మూడు భయములను చెప్పినాడు. పనులయందు నియుక్తులైనవారు ఏమరుపాటు చెందుదురనునది మొదటిది. ఆర్యులు మర్యాదను అతిక్రమింతురనునది రెండవది. తీక్ష్ణ స్వభావులు దుడుకు పనులకు తెగింతురనునది మూడవది. పాపపుణ్య ప్రసంగము ఇందు లేదు. మొదట చెప్పబడిన భయము పనికి కలుగు చెరుపును గూర్చినది. రాజ్యపు పని చేయు చేయి వణకరాదనునదే మద్య నియంత్రణకు ఆ శాస్త్రకారుడు చూపిన ప్రథమ హేతువు.

ఈ భయములకు తగినట్లే తక్కిన విధులును కూర్చబడినవి. శుచిత్వము తెలిసినవారికి మాత్రమే ముద్రగల చిన్న కొలతలలో, కుడుబములో నాలుగవవంతు మొదలు ప్రస్థము వరకు, వెలికి కొనిపోవుటకు సెలవు. తక్కినవారు పానాగారముననే త్రాగవలయును. ఆ గృహములకు పెక్కు గదులును, వేరు వేరు శయ్యాసనములును, గంధమాల్యోదకములును ఉండవలయును. అచ్చట గూఢపురుషులు నిలిచి, ఎవ్వడు తన స్థితికి మించి వెచ్చించుచున్నాడో, క్రొత్తగా వచ్చినవాడెవ్వడో కనిపెట్టుచుందురు. అనగా పానాగారము ఆరక్షకశాఖకు ఒక చూపుమేర. ఈ నిఘా నాగరిక ప్రణిధియందును కొనసాగినది. కల్లమ్మువారును, వంటకములమ్మువారును తమ కడ దుబారా చేయువానిని గూర్చియు, సాహసము చేయువానిని గూర్చియు తెలుపవలయును. దాచిన గాయమునకు చికిత్స చేసిన వైద్యుడు గోప స్థానికులకు చెప్పినచో విడివడును. చెప్పనిచో అతడును ఆ దోషమున పాలుపొందును. నేటి ఆసుపత్రులలో కొట్లాట గాయములను ఠాణాకు తెలుపు పద్ధతికి ఇది దూరపు పూర్వరూపము.

వీనికన్నను ముఖ్యమైన విధి మరొకటి కలదు. త్రాగి నిద్రించిన క్రేతల నగలును, బట్టలును, సొమ్మును పోయినయెడల, ఆ విలువనంతయు వర్తకుడే ఇచ్చుకొని, దానికి సమానమైన దండమును కూడ చెల్లింపవలయును. మత్తు వలన పుట్టిన నష్టము మత్తు నమ్మినవానినే చేరవలయునను సూత్రము ఇందు స్పష్టము. లాభమును నష్టమును ఒకే లెక్కలో నుంచిన విధానమిది. తరువాతి కాలపు ప్రభుత్వములు అధ్యక్షుని రాబడిని గ్రహించినంత శ్రద్ధతో ఈ సూత్రమును గ్రహింపలేదు.

ఈ తంత్రము నిర్దోషమని చెప్పుటకు వీలులేదు. చెడిన సురను దాసులకును కర్మకరులకును వేతనముగ నీయవచ్చునని అదే అధ్యాయము సెలవిచ్చినది. పనివాని ఏమరుపాటుకు భయపడిన శాస్త్రమే, పనివారిలో అందరికన్న అడుగున నున్నవానికి చెడిన మద్యమును కూలిగ కొలిపించినది. రాజ్యపు పని చెడరాదను విచారము ఆ పని చేయువాని క్షేమమును గూర్చిన విచారముగ మారలేదు. ఈ లోపము కూడ వారసత్వముగ దిగివచ్చినదని ముందు తేలగలదు.

భారత కథలలోని రెండు నిదర్శనములు

ఇతిహాసమున ఈ విషయమునకు సంబంధించిన కథలు రెండు గలవు. మొదటిది ఆదిపర్వమున కచోపాఖ్యానము. నన్నయభట్టారకుడు తెనిగించిన భాగములోనిది. శుక్రాచార్యుడు అసురులకు పురోహితుడు; కచునికి గురువు. పురోహితత్వము ఉద్యోగము, శిష్యరక్షణము ఆ ఉద్యోగమునందలి విధి. రాక్షసులు కచుని చంపి కాల్చి ఆ బూడిదను సురలో కలిపి యిచ్చినప్పుడు గురువు దానిని త్రాగెను. తాను కాపాడవలసినవాడు తన కడుపులోనే యున్న సంగతి మత్తు వీడువరకు ఆయనకు తెలియలేదు. ఆ పశ్చాత్తాపము నుండియే శుక్రుడు సురాపానమును మహాపాతకముగ నిర్ణయించి మర్యాదను స్థాపించెనని కథ. పాతక నిర్ణయమునకు మూలము విధి నిర్వహణమున కలిగిన లోపమే యనుట ఇందు విశేషము.

రెండవది మౌసలపర్వ కథ. వ్యాసభారతమున, ముసలము పుట్టిన పిమ్మట ద్వారకలో చాటింపు వేయింపబడినది. నాటినుండి వృష్ణ్యంధక కులములవారి యిండ్లలో ఎవ్వరును సురాసవములను చేయరాదు; తెలియకుండ చేసినవాడు బంధువులతో కూడ శూలమెక్కవలయును. ఈ యాజ్ఞ ఆహుకుడు, జనార్దనుడు, బలరాముడు, బభ్రువు అను నలుగురి పేర వెలువడినది. ప్రజలు భయపడి కట్టుబడిరి. కాని ప్రభాసతీర్థమున పానగోష్ఠి సాగినప్పుడు త్రాగినవారిలో బలరాముడును బభ్రువును ఉండిరి. ఆజ్ఞాపించినవారే ఆజ్ఞను మీరిన పిమ్మట దానిని నిలుపువాడు ఎవ్వడును లేకపోయెను. సాత్యకి కృతవర్మల మాటపట్టింపుతో మొదలైన కలహమున వంశమంతయు నశించెను. శిక్ష ఎంత ఘోరమైనను, అమలుపరచు చేయి తడబడినచో శాసనము నిలువదనుటకు ఇంతకన్న ప్రాచీనమైన దృష్టాంతము దొరకుట కష్టము.

ఇజారా మొదలు ఆబ్కారి చట్టము వరకు

ఇతిహాసము విడిచి, లిఖిత రాజ్యపత్రములు గల కాలమునకు వచ్చినచో, ఇదే తగవు చెన్నపట్టణపు రాజధానిలో మరొక రూపమున కానవచ్చును. ఆబ్కారి యను మాట పారసీకము నుండి వచ్చినది. కల్లు సారాలను తయారుచేయు హక్కును, అమ్ము హక్కును ఇజారాగా వేలమువేసి, ఎక్కువ పాడినవానికి ఒప్పగించుట కుంఫిణీ ప్రభుత్వము పూర్వపాలకుల నుండి గ్రహించి విస్తరింపజేసిన పద్ధతి. 1886లో చెన్నపట్టణపు ఆబ్కారి చట్టము ఏర్పడినది. లైసెన్సులు, దుకాణముల వేలములు, కల్లుగీతకు చెట్టు పన్ను, సారాకు సుంకము మున్నగునవి క్రమపడినవి. ఉప్పును ఆబ్కారిని కలిపి యొక శాఖగ జేసి రెవిన్యూ బోర్డు క్రింద నుంచిరి.

గ్రామమున శాంతిని కాపాడు పని ఆ శాఖది కాదు. 1816లో చేయబడిన 11వ రెగ్యులేషను ప్రకారము గ్రామాధికారి తన యూరి పోలీసుకు పెద్ద. దుర్భాషలాడినవారిని, చిల్లర దొమ్మీలు చేసినవారిని ఆయన గ్రామ చావడిలో 12 గంటల వరకు నిర్బంధింపవచ్చును. హీనజాతులవారని నాటివారు ఎంచినవారిని బొండకొయ్యలో 6 గంటలు నుంచుటకు కూడ అధికారమీయబడినది. సంజవేళ కల్లుపాక కడ పుట్టిన తగవు రాత్రికి చావడిని చేరును. దానిని మోయువారు మునసబును, ఆయన చేతిక్రింది తలారి, వెట్టివారును. ఇజారాదారునకు ఆ తగవుతో సంబంధము లేదు. ఆయన కిస్తు గడువులోగా కచేరికి చేరినచో చాలును. బొండకొయ్య శిక్షయందు కులభేదము పాటింపబడుట ఆ శాసనముయొక్క మరొక దోషము. త్రాగినవారు ఎవరైనను, శిక్ష అడుగువానికే ఎక్కువ తగిలెను.

1860 నాటి భారత శిక్షాస్మృతి 510వ సెక్షను, బహిరంగ స్థలమున మత్తులో దుష్ప్రవర్తనము చేసినవానికి 24 గంటల సాధారణ కారాగృహము గాని, 10 రూపాయల జుర్మానా గాని విధించినది. ఆ 10 రూపాయలు 2024 జూలై 1వ తేదిన క్రొత్త న్యాయసంహిత అమలునకు వచ్చువరకు 10 రూపాయలుగనే నిలిచినవి. సుంకములును వేలపు పాటలును ఈ నడుమ ఎన్నిమారులు పెరిగినవో చెప్పనక్కరలేదు. రాబడి వైపు కొలతను కాలానుగుణముగ సవరించుచు వచ్చిన రాజ్యము, నష్టము వైపు కొలతను నూటయరువది సంవత్సరములు మరచియుండెను.

ఇట్లు ఒకే ద్రవ్యమునకు రెండు లెక్కలు ఏర్పడినవి. 1930వ దశాబ్దము నాటికి చెన్నపట్టణపు రాజధాని ఆదాయమున ఇంచుమించు నాలుగవవంతు ఆబ్కారి వలన వచ్చుచుండెను. పాఠశాలలు, ఆసుపత్రులు ఈ సొమ్ముతో నడచుచున్నవని ప్రభుత్వ పక్షమువారి సమాధానము. ఆ సమాధానమున కొంత నిజము లేకపోలేదు. కాని కల్లు సొమ్ముతో నడచు ఆసుపత్రికి కల్లు తగవులలో గాయపడినవారే వచ్చుచున్నప్పుడు, ఆ సొమ్ములో ఎంత భాగము తిరిగి ఆ గాయములకే వ్యయమగుచున్నదని యెవ్వరును లెక్క వేయలేదు. ఆబ్కారి శాఖ నివేదిక వేరు, పోలీసు శాఖ నివేదిక వేరు, వైద్యశాఖ నివేదిక వేరు. మూటిని ప్రక్క ప్రక్కన నుంచి చదువవలసిన అవసరము ఏ శాఖకును కలుగలేదు.

1921లో సహాయనిరాకరణోద్యమము ఆంధ్ర జిల్లాలకు వ్యాపించినప్పుడు కల్లుదుకాణముల కడ పికెటింగు జరిగెను. వేలములలో పాటదారులను రాకుండ నిలుపుటకు స్వచ్ఛంద సేవకులు యత్నించిరి. ప్రభుత్వము పోలీసు బలగములను దుకాణములకు కాపుగ నిలుపవలసి వచ్చెను. నిన్నటివరకు త్రాగినవారిని చావడికి తరలించిన జవాను, నేడు త్రాగుటకు పోవువారికి త్రోవ విడిపించుటకై నిలిచెను. రెండు లెక్కలు పరస్పరము విరుద్ధములని ఊరివారికి కంటికి కనబడిన సందర్భమిది.

నిషేధముయొక్క బరువు

1937లో రాజగోపాలాచారి మంత్రివర్గము మద్యనిషేధ చట్టమును చేసి, అక్టోబరు 1వ తేదిన సేలము జిల్లాలో అమలుపెట్టెను. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు దానిని విస్తరించిరి. తెలుగు జిల్లాలలో నిషేధమును మొదట చూచినవి ఇవియే. పోయిన రాబడిని పూరించుటకు 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టము వచ్చెను. మద్యనిషేధము కలకాలము నిలువలేదు గాని ఆ పన్ను మాత్రము దేశమంతట వ్యాపించి స్థిరపడెను. నిషేధ జిల్లాలలో సాయంకాలపు వేళ ఆటలు, భజనలు, వినోదములు ఏర్పాటు చేయుట కూడ ఆ ప్రణాళికలో ఒక భాగము. త్రాగుడు మాన్పుటకు శిక్ష ఒక్కటే చాలదని ప్రవర్తకులు ఎరుగుదురు.

అయినను ఈ చట్టము భారమంతయు ఎవరి మీద పడినదో గమనింపవలయును. కల్లు దిగుటకు తాటిచెట్టు చాలును. నిషేధమున్న యూరి తోపులో ప్రతి చెట్టును ఒక దుకాణము కాగలదు. సారా కాచుటకు బెల్లమును, తుమ్మచెక్కయు, రెండు కుండలును చాలును. ఇట్టి నేరము పట్టణమున గాక కొండవాగు కడ, చేని గట్టున, పెరటి మూల జరుగును. దానిని కనిపెట్టవలసినవాడు ఆ యూరివాడే యైన తలారి, సాక్ష్యమీయవలసినవాడు పొరుగింటివాడు, పట్టుకొనవలసినవాడు పలు గ్రామములకు ఒక్కడైన జవాను. పట్టుకొన్న పిమ్మట పంచనామా, కోర్టు, వాయిదాలు. దొంగతనములను, దొమ్మీలను విచారింపవలసిన కాలము కుండలు పగులగొట్టుటకు పోవును. అమ్మకము సాగిన కాలమున త్రాగుబోతు బరువు మోసినవాడే, నిషేధ కాలమున త్రాగింపువాని బరువును మోయవలసి వచ్చెను. దానికి తోడు లంచపు ప్రలోభము క్రొత్తగ చేరెను. చాటుగ కాచువాడు చెల్లించు మామూలు అల్పవేతనపు ఉద్యోగికి పెద్ద మొత్తముగనే కనబడును.

రెండవ ప్రపంచ సంగ్రామ కాలమున, మంత్రివర్గము లేని దినములలో, ఈ నిషేధము నిలిపివేయబడెను. 1946లో మరల ఆరంభమై 1948 అక్టోబరు 2వ తేది నాటికి రాజధాని యంతటను వ్యాపించెను. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము 47వ అధికరణమున మద్యనిషేధమును రాజ్యనీతి ఆదేశములలో చేర్చెను. 1953 అక్టోబరు 1వ తేదిన ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు ఆదర్శమును, దానిని అమలుపరుపవలసిన చాలీచాలని యంత్రాంగమును కూడ వారసత్వముగ లభించినవి. రాజధాని కట్టుకొనవలసియున్న లోటు రాష్ట్రమది.

నిషేధపు అమలును విచారించుటకు ఎస్. వి. రామమూర్తి అధ్యక్షతన సంఘమొకటి నియమింపబడెను. ఆ సంఘము నిషేధము ఫలింపలేదని తేల్చి, ఎత్తివేయుటయే మేలని సూచించెను. టంగుటూరి ప్రకాశము మంత్రివర్గము ఆ సూచనను అమలుపరుపక జాగు చేసెనన్న కారణమున శాసనసభలో అవిశ్వాస తీర్మానము వచ్చి, 1954 నవంబరు 6వ తేదిన ఒక్క ఓటు ఆధిక్యముతో నెగ్గెను. చరిత్రకారులు ఈ ఘట్టమును సాధారణముగ పక్షముల బలాబలముగ వ్రాయుదురు. పక్షముల తగవు నిజమే. కాని ఆ తగవునకు ఆయుధమైనది ఊళ్లలో చట్టము నడువలేదన్న సంగతి. తలారియు, జవానును మోయలేక దింపిన బరువు చివరకు శాసనసభ మీద పడి మంత్రివర్గమును కూల్చెననుట అతిశయోక్తి కాదు.

1956 నవంబరు 1వ తేదిన తెలంగాణమును ఆంధ్రమును కలిసి ఆంధ్రప్రదేశమైనప్పుడు, ఆంధ్ర ప్రాంతమున నిషేధ చట్టమును, హైదరాబాదు రాజ్యము నుండి వచ్చిన తెలంగాణమున ఆబ్కారి పద్ధతియు ఒకే ప్రభుత్వము క్రింద నుండెను. కృష్ణకు ఒక గట్టున నేరమైనది రెండవ గట్టున రాబడి. నడుమ నున్న గస్తీవానికి ఇది ఎట్టి చిక్కో ఊహించుట కష్టము కాదు. 1968లో రాష్ట్రమంతటికి ఎక్సైజు చట్టము వచ్చెను. కొలది కాలమునకే ఆంధ్ర ప్రాంతమునను మద్య విక్రయము మరల ఖజానా మార్గమయ్యెను.

దూబగుంట పాఠము

1980వ దశాబ్దమున ప్రభుత్వము సారాను తానే సరఫరా చేయించి చిన్న పొట్లములలో ఊరూర అమ్మించు వారుణవాహిని యను పద్ధతిని పెట్టెను. అంతవరకు దుకాణమునకు నడచి పోవలసిన మద్యము ఇంటి గుమ్మమునకు వచ్చెను. తరువాత నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము నడచుచుండెను. పగలు కూలికిపోయిన స్త్రీలు రాత్రి బడికి వచ్చి అక్షరములు దిద్దుచుండిరి. రాత్రి బడి వేళయు, సారా మత్తు వేళయు ఒకటే. ఇంటి మగవారు త్రాగి వచ్చి గొడవ చేయుచుండగ చదువెట్లు సాగునను ప్రశ్న ఆ బడిలోనే పుట్టెను. ప్రభుత్వపు ఒక చేయి నేర్పుచున్న దానిని రెండవ చేయి చెరుపుచున్నదని, ఏ నివేదికయు చెప్పని మాట, అక్షరములు క్రొత్తగ నేర్చిన కూలి స్త్రీలు చెప్పిరి.

దూబగుంట గ్రామపు స్త్రీలు రోశమ్మ మున్నగువారి నాయకత్వమున తమ యూరి సారా దుకాణమును మూయించిరి. ఆ కథ ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అను పాఠముగ అక్షరాస్యతా వాచకములకెక్కి, జిల్లాయందలి తక్కిన గ్రామములకు పాఠముతోపాటు ప్రాకెను. 1992లో నెల్లూరు సారా వేలములు స్త్రీల ప్రతిఘటన వలన పలుమారులు వాయిదా పడినవి. కొన్నిచోట్ల పోలీసు కాపుతో సారాను ఊళ్లకు చేర్ప యత్నించిరి. 1921 నాటి దృశ్యము, పాలకులు మారినను, అట్లే పునరావృత్తమయ్యెను. 1993 ఏప్రిలులో నెల్లూరు జిల్లాలోను, అదే సంవత్సరము అక్టోబరు 1వ తేదిన రాష్ట్రమంతటను సారా నిషేధింపబడెను. 1995 జనవరిలో ఎన్. టి. రామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును ప్రవేశపెట్టెను. 1997లో అది సడలింపబడెను. రాబడి లోటు, పొరుగు రాష్ట్రముల నుండి దొంగరవాణా, అమలులోని కష్టములు అప్పుడు చెప్పబడిన కారణములు. నలువది సంవత్సరముల క్రితము వినబడిన కారణములును ఇవియే.

దూబగుంట ఘట్టమున ఒక విశేషము కలదు. మౌసల కాలపు చాటింపు పైనుండి క్రిందికి వచ్చినది. 1937 నాటి చట్టమును అట్టిదే. దూబగుంట ఆజ్ఞ క్రిందినుండి పైకి పోయినది. మొదటిదానికి అమలుపరచు జవాను కావలెను. రెండవదానికి ఆ యూరి స్త్రీలే కాపు. అందుచేతనే ఆ యూళ్లలో, చట్టము రాకపూర్వమే, సారా ఆగినది. ఉద్యమము చట్టమై కచేరీలకు చేరిన పిమ్మట భారము మరల పాత భుజములకే మారినది.

ఇటీవలి ఘట్టములు

మోటారు బండ్లు పెరిగిన కాలమున మత్తు వలని ప్రమాదమునకు వేగము తోడయ్యెను. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 185వ సెక్షను ప్రకారము, బండి నడపువాని రక్తమున 100 మిల్లీలీటరులకు 30 మిల్లీగ్రాములకు మించి మద్యముండుట నేరము. దీనిని పరీక్షించుటకు రాత్రివేళ రోడ్డు మీద నిలువవలసినవాడు జవాను. 2005లో హైదరాబాదున ఆరంభమైన 108 బండ్లలో, తాకుడు తగిలినవానిని ఎత్తుకొని రావలసినవాడు ఆ బండి సిబ్బంది. తెచ్చినవానికి స్పృహ లేకపోవుట తలగాయము వలననో మత్తు వలననో నిర్ణయింపవలసినవాడు రాత్రి కాపున్న యువ వైద్యుడు. ఈ నిర్ణయము వైద్యమున కఠినమైనది. మత్తని తలచి ఉపేక్షించినచో తలలోని రక్తస్రావము ప్రాణము తీయవచ్చును. తక్కిన రోగులు అంతవరకు వేచియుందురు. ఈ వేచియుండుట ఏ లెక్కలోను ఖర్చుగ వ్రాయబడదు.

ఈ చరిత్రకంతకును సంగ్రహమనదగిన దృశ్యము 2020 మే నెలలో కనబడినది. అంతకు ముందటి సంవత్సరము అక్టోబరు నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దశలవారి నిషేధమునకు తొలిమెట్టుగ దుకాణములను తానే నడపుచుండెను. కరోనా మహమ్మారి వలన మార్చిలో మూతపడిన దుకాణములు మే 4వ తేదిన తెరువబడినప్పుడు జనము బారులు తీరెను. వెలలు 75 వంతులు నూటికి పెంచబడినను బారులు తరుగలేదు. వ్యాధి వ్యాపింపకుండ వీధుల కాపు కాయుచున్న పోలీసులకు ఈ బారుల కాపు అదనముగ చేరెను. విశాఖపట్టణము జిల్లాలో కొన్నిచోట్ల, బడులు మూతపడి యుండుటచేత, ప్రభుత్వోపాధ్యాయులను మద్యపు దుకాణముల కడ చీట్లు పంచుటకును, బారులు సరిచేయుటకును నియోగించిరి. మద్యపాన దోషములను పాఠముగ చెప్పవలసినవాడు మద్యము కొనువారిని వరుసలో నిలుపుటకు ఎండలో నిలిచెను. ఇది గొప్ప విమర్శకు గురియైనది. కాని విమర్శించినవారు దీనిని విపరీతముగ నెంచిరే గాని, పాత కథలో క్రొత్త ప్రకరణముగ నెంచలేదు. 2024 అక్టోబరులో ఆ దుకాణములు మరల ప్రైవేటు వర్తకుల చేతికి పోయినవి.

ఉపసంహారము

పైన చూపిన ఘట్టములను కలిపి చదివినప్పుడు, అమ్మకపు పక్షమునకును నిషేధపు పక్షమునకును నడుమ నడచిన వివాదము సమగ్రము కాదని తేలుచున్నది. అమ్మకమును సమర్థించినవారు రాబడిని చూపిరి. ఆ రాబడికై తలారి, జవాను, వైద్యుడు చెల్లించిన మూల్యమును చూపలేదు. నిషేధమును సమర్థించినవారు ఆదర్శమును చూపిరి; ఆ ఆదర్శమును రాత్రింబవళ్లు కాపాడవలసినవాని సంఖ్యను, వేతనమును, ప్రలోభమును లెక్కింపలేదు. ఇద్దరి లెక్కలలోను లోపించినది ఒకే మనుష్యుడు.

అర్థశాస్త్రకారుడు ఈ విషయమున రెండు మాటలు చెప్పి విడిచినాడు. నియుక్తుని పని చెడునను భయమే నియంత్రణకు మొదటి హేతువనునది ఒకటి. మత్తు వలని నష్టమును మత్తు నమ్మినవాడు తీర్పవలయుననునది రెండవది. ఆ గ్రంథము మరల లభించి నూరేండ్లు దాటినది. అందలి సురాధ్యక్షుని రాబడి పద్ధతులను గూర్చి పండితులు చాల వ్రాసిరి. ఈ రెండు మాటలను మాత్రము ఏ ప్రభుత్వమును తన లెక్కల పుస్తకమున ఎక్కించుకొనలేదు. ఆబ్కారి రాబడిని వ్రాయు పుటకు ఎదుటి పుటలో చావడి, ఠాణా, ఆసుపత్రి, బడి అను నాలుగింటి వ్యయమును చేర్చి వ్రాసిననాడు, మద్యము రాజ్యమునకు లాభమో నష్టమో నిర్ణయించుటకు శాస్త్రచర్చ యంతగ అవసరపడదు. కూడిక తీసివేతలు చాలును.